పసివాని చేతిమీది దుమ్ము

దోగాడే పిల్లవాడు చేతికి అందినదల్లా నోట పెట్టుకుంటాడు. నేలమీద ప్రాకుతాడు, ఆ చేతివ్రేళ్ళనే చీకుతాడు. మన్ను తిన్న కృష్ణుణ్ణి యశోద నోరు తెరవమన్న కథ తెలియని తెలుగువాడు ఉండడు. ఆ తల్లికి కొడుకు నోటిలో బ్రహ్మాండమంతా కనిపించినదట. ఇరవయ్యవ శతాబ్దపు వైద్యులు పసిపిల్లల నోటిలోకి పోయే మన్నును పరీక్షించి చూస్తే, వారికి కనిపించినది సీసము.

పిల్లవాడు రోజుకు ఎంత మన్ను మింగుతాడు? ఆ మన్నులో విషపదార్థము ఉంటే, అందులో ఎంత భాగము ప్రేగుల గోడ దాటి రక్తములో కలుస్తుంది? వినడానికి ఇవి చాలా చిన్న ప్రశ్నలు. కాని వీటికి కొలతలతో కూడిన సమాధానము చెప్పడానికి శాస్త్రజ్ఞులకు సుమారు నూరు సంవత్సరాలు పట్టినది. ఆ ఆలస్యము వలన నష్టపోయినవారు పిల్లలు. అందుచేత ఈ చరిత్ర తెలుసుకొనదగినది.

బ్రిస్బేన్ వరండాలు

ఈ కథ ఆస్ట్రేలియా ఖండములో క్వీన్స్‌లాండు రాజధాని అయిన బ్రిస్బేన్ నగరములో మొదలవుతుంది. 1892లో అక్కడి వైద్యులు కొందరు ఒక వింత విషయమును ప్రకటించారు. ఆసుపత్రికి వచ్చే పిల్లలలో కొందరికి కడుపునొప్పి, మలబద్ధకము, పాలిపోయిన ముఖము. కొందరికి కాళ్ళు చేతులు పట్టు తప్పిపోవడము. మరికొందరికి మెల్లకన్ను, చూపు మందగించడము. ఈ లక్షణాలన్నీ సీసపు విషము వలన కలిగేవే. పిల్లల వైద్యుడు జెఫరిస్ టర్నరు, కంటివైద్యుడు లాక్‌హార్ట్ గిబ్సన్ ఈ వ్యాధిని శ్రద్ధగా పరిశీలించినవారిలో ముఖ్యులు.

సీసపు విషము అప్పటికే వైద్యులకు బాగా తెలిసిన వ్యాధి. అయితే అది పనివాండ్ర వ్యాధి. రంగులు వేసేవారికి, సీసపు గొట్టాలు అతికేవారికి, తెల్లసీసము తయారుచేసే కర్మాగారములలో పనిచేసేవారికి అది వచ్చేది. రెండు మూడేళ్ళ పసివానికి సీసముతో ఏమి పని? విషము ఎక్కడి నుండి వస్తున్నదో కొన్ని సంవత్సరాల వరకు తేలలేదు.

1904లో గిబ్సన్ దానికి సమాధానము చెప్పాడు. బ్రిస్బేన్ ఇండ్లు కొయ్యతో కట్టినవి. ఎండ తీవ్రత వలన ప్రతి ఇంటికి వరండా ఉండేది. దాని చుట్టూ కొయ్య కటకటాలు ఉండేవి. ఆ కటకటాలకు తెల్లసీసము, అనగా సీసపు కార్బనేటు, అవిసెనూనెలో కలిపి చేసిన రంగు పూసేవారు. కొన్ని సంవత్సరాలు ఎండకు ఎండితే రంగులోని నూనె చెడిపోయి, తెల్లని మెత్తని పొడి పైకి తేలుతుంది. సున్నము కొట్టిన గోడకు ఆనుకుంటే చొక్కాకు తెలుపు అంటినట్లు, ఆ పొడి చేతికి అంటుతుంది. పిల్లలు వరండాలో ఆ కటకటాలను పట్టుకొనే ఆడుకుంటారు. చెమట పట్టిన చేతికి పొడి అంటుతుంది. ఆ చేయి నోటిలోకి పోతుంది. గోళ్ళు కొరికే పిల్లలకు, వ్రేలు చీకే పిల్లలకు వ్యాధి వచ్చే అవకాశము మరీ ఎక్కువ.

తోటి వైద్యులలో అందరూ ఈ మాటను వెంటనే ఒప్పుకోలేదు. చేతికి అంటిన పొడిలో ఎంత విషము ఉంటుందని వారి సందేహము. చివరకు 1922లో క్వీన్స్‌లాండు ప్రభుత్వము, పిల్లల చేతికి అందే చోట్ల సీసపు రంగు వేయరాదని శాసనము చేసినది. గిబ్సన్ వ్రాసిన నాటికి, ఈ శాసనానికి మధ్య 18 సంవత్సరాలు గడిచినవి. ఆ మధ్యకాలములో పెరిగిన పిల్లల సంగతి తరువాత బయటపడినది. క్వీన్స్‌లాండులో యువకులు అసాధారణమైన సంఖ్యలో మూత్రపిండాల వ్యాధితో మరణిస్తున్నారని 1929లో జార్విస్ నై అనే వైద్యుడు వ్రాశాడు. బాల్యములో సీసపు విషమునకు గురి అయినవారే పెద్దవారైన తరువాత ఆ వ్యాధికి లోనవుతున్నారని 1954లో హెండర్సన్ చూపించాడు.

పెచ్చులా, పొడియా?

బ్రిస్బేన్ నేర్పిన పాఠము మిగిలిన దేశాలకు చేరలేదు. 1914లో అమెరికాలోని బాల్టిమోరు నగరములో థామస్, బ్లాక్‌ఫాన్ అనే వైద్యులు ఒక పిల్లవాని కథ ప్రకటించారు. ఆ పిల్లవాడు తన మంచము అంచులకు పూసిన రంగును కొరికి తిన్నాడు. సీసపు విషము మెదడుకు ఎక్కి మరణించాడు. ఇటువంటి సంఘటనలు మరికొన్ని బయటపడిన మీదట వైద్యులలో ఒక అభిప్రాయము స్థిరపడినది: సీసపు విషము రంగు పెచ్చులు కొరికి తినే పిల్లలకే వస్తుంది, ఆహారము కాని వస్తువులను తినడము ఒక దురభ్యాసము, అది ఉన్న పిల్లవాణ్ణి తల్లి కనిపెట్టి ఉండవలసినది.

ఈ అభిప్రాయము పూర్తిగా తప్పు కాదు. పెచ్చులు తిన్న పిల్లలు నిజముగానే మరణించారు. కాని దీనివలన ఒక కీడు జరిగినది. నేరము రంగుమీద నుండి పిల్లవాని అలవాటుమీదికి, తల్లి అజాగ్రత్తమీదికి మారినది. పెచ్చులు తినని పిల్లవాని రక్తమును పరీక్షించాలన్న ఆలోచన ఎవరికీ కలగలేదు.

ఇంతలో సీసమునకు మరొక దారి ఏర్పడినది. 1921లో థామస్ మిడ్జ్‌లీ అనే అమెరికా ఇంజనీరు, టెట్రాఇథైల్ సీసమును పెట్రోలులో కొద్దిగా కలిపితే యంత్రములో వచ్చే కొట్టుకొనే శబ్దము ఆగిపోతుందని కనుగొన్నాడు. 1923 నుండి ఆ పెట్రోలు అమ్మకానికి వచ్చినది. మోటారు బండి పొగలో వెలువడిన సీసము గాలిలో ఎల్లకాలము ఉండదు. దానిలో చాలా భాగము దారి పక్క మన్నుమీద, ఇంటి గడపమీద, కిటికీ అడుగున దుమ్ముగా దిగుతుంది.

దీని తీవ్రతను పసికట్టినవాడు వైద్యుడు కాదు, భూరసాయన శాస్త్రజ్ఞుడు. భూమి వయస్సు సుమారు 455 కోట్ల సంవత్సరాలని 1956లో సీసపు ఐసోటోపుల సహాయముతో నిర్ణయించిన క్లెయిర్ పాటర్సనే ఆయన. రాళ్ళలోని సీసమును కొలవబోతే, గదిలోని గాలి, దుమ్ము, గాజుపాత్రలు, అన్నింటిలోనూ ఉన్న సీసము ఆయన లెక్కలను పాడుచేసేది. అందుచేత ఆయన దుమ్ము దూరని ప్రయోగశాలను నిర్మించుకోవలసి వచ్చినది. తన ప్రయోగాలకు అడ్డు వచ్చిన ఈ సీసము ప్రకృతి సహజమైనది కాదని, మనిషి వెదజల్లినదని 1965లో ఆయన ప్రకటించాడు.

తడి కాగితము చెప్పిన సాక్ష్యము

1974లో అమెరికాలోని రోచెస్టరు నగరములో సేయర్, చార్నీ మొదలైన వైద్యులు చాలా సులభమైన ప్రయోగము ఒకటి చేశారు. నగరము నడిబొడ్డున ఉన్న పాత ఇండ్లలోను, శివారులలోని కొత్త ఇండ్లలోను తడి కాగితముతో కిటికీ అడుగుబల్లలను, నేలను తుడిచారు. ఆ ఇండ్లలోని పిల్లల చేతులను కూడ అట్లే తుడిచారు. ఆ కాగితాలను రసాయనికముగా పరీక్షించగా, పాత ఇండ్ల దుమ్ములోను, అక్కడి పిల్లల చేతులమీద సీసము స్పష్టముగా ఎక్కువ ఉన్నట్లు తేలినది. డెబ్బది సంవత్సరాల కిందట గిబ్సన్ చెప్పిన మాటే మళ్ళీ రుజువైనది.

1983లో మరి రెండు సాక్ష్యాలు వచ్చినవి. బాల్టిమోరులోని పెరటి తోటల మన్నును హోవర్డ్ మీల్కే పరీక్షించాడు. సీసము ఎక్కువ ఉన్న మన్ను నగర మధ్యమములో కనిపించినది. అక్కడి ఇండ్లు చాలావరకు రంగు వేయని ఇటుక గోడలవి. కనుక ఆ సీసమంతా గోడల రంగు నుండి వచ్చినదని చెప్పడానికి వీలులేదు. మోటారు పొగను కూడ లెక్కలోకి తీసుకోవలసినదే. రెండవ సాక్ష్యము చార్నీ బృందము వారిది. రక్తములో సీసము ఎక్కువగా ఉన్న బాల్టిమోరు పిల్లల ఇండ్లలో కొన్నింటిని నెలకు రెండుసార్లు తడిగుడ్డతో తుడిపించి, పిల్లల చేతులు తరచు కడిగించారు. ఒక సంవత్సరము గడిచేసరికి ఆ పిల్లల రక్తములో సీసము ప్రతి 100 మిల్లీలీటర్లకు సగటున 6.9 మైక్రోగ్రాములు తగ్గినది. అట్లా తుడిపించని ఇండ్లలోని పిల్లలలో తగ్గినది 0.7 మాత్రమే. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలవ వంతు.

దుమ్మును తీసివేస్తే రక్తములోని సీసము తగ్గినది. కనుక దుమ్ము దోషియే. పెచ్చులు కొరికే అలవాటు లేని పిల్లవాడు కూడ విషము మింగుతున్నాడని దీనితో తేలిపోయినది.

ఎంత మన్ను మింగుతారు?

తరువాతి ప్రశ్న పరిమాణమును గురించినది. దీనికి అవసరము మరొక విషము వలన కలిగినది. 1970 ప్రాంతములలో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రములో, టైమ్స్ బీచ్ అనే చిన్న ఊరి మట్టిరోడ్లమీద దుమ్ము లేవకుండ పాడైన నూనె చల్లించారు. ఆ నూనెలో డయాక్సిన్ అనే భయంకరమైన విషము కలిసి ఉన్నట్లు తరువాత తెలిసినది. 1983లో ప్రభుత్వము ఆ ఊరినే కొని, ప్రజలను ఖాళీ చేయించవలసి వచ్చినది. మన్నులో ఎంత డయాక్సిన్ ఉంటే ప్రమాదమో నిర్ణయించడానికి, ఏడాదిన్నర నుండి మూడున్నర ఏండ్ల లోపు పిల్లవాడు రోజుకు 10 గ్రాముల మన్ను మింగుతాడని 1984లో ప్రభుత్వ శాస్త్రజ్ఞులు లెక్కకు తీసుకున్నారు. అది కొలిచిన సంఖ్య కాదు, ఊహ మాత్రమే.

కొలవడము ఎట్లా? దీనికి చక్కని ఉపాయము ఒకటి దొరికినది. అల్యూమినియము, సిలికాను, టైటానియము వంటి మూలకాలు మన్నులో విస్తారముగా ఉంటాయి. ప్రేగులలో దాదాపు ఇంకవు. వచ్చిన దారినే మలములో వెళ్ళిపోతాయి. పిల్లవాని మలములో ఈ మూలకాలు ఎంత ఉన్నవో, అతడు ఆడుకునే మన్నులో ఎంత ఉన్నవో కొలిస్తే, మింగిన మన్నును లెక్క కట్టవచ్చును. 1986లో బైండరు బృందము మోంటానా రాష్ట్రములోని ఈస్ట్ హెలీనాలో, 1989లో కాలబ్రీస్ బృందము మసాచుసెట్స్‌లోని ఆమ్‌హర్స్ట్‌లో ఈ పద్ధతిని ప్రయోగించారు. కాలబ్రీస్ బృందము 64 మంది పిల్లలను పరీక్షించినది. ఆహారము ద్వారా లోపలికి పోయే సిలికాను, అల్యూమినియములను కూడ వారు కొలిచి తీసివేశారు. ఇటువంటి పరిశోధనలన్నింటినీ కలిపి చూస్తే, సామాన్యమైన పిల్లవాడు రోజుకు మింగేది 10 గ్రాములు కాదు. నూరు మిల్లీగ్రాములు, లేక అంతకంటె కొద్దిగా తక్కువ. చిటికెడులో చాలా చిన్న భాగము అన్నమాట. అప్పుడప్పుడు ఒక పిల్లవాడు మాత్రము గ్రాముల కొలది మింగడమూ ఉన్నది.

మింగినదంతా రక్తములో చేరుతుందా?

నోటిలోకి పోయినదంతా దేహములోకి పోయినట్లు కాదు. నోటి నుండి మలద్వారము వరకు ఉన్న గొట్టము ఒక విధముగా దేహానికి బయటిదే. విషము దాని గోడను దాటితేనే రక్తములో కలుస్తుంది. గోడను దాటాలంటే ముందుగా అది మట్టిరేణువును విడిచి ద్రవములో కరగాలి.

జీర్ణాశయములో హైడ్రోక్లోరిక్ ఆమ్లము ఉన్నది. పరగడుపున దాని పి.హెచ్. సుమారు 1.5 నుండి 2 వరకు ఉంటుంది. రంగులోని సీసపు కార్బనేటు ఆ ఆమ్లములో తేలికగా కరుగుతుంది. గనులలో దొరికే గెలీనా, అనగా సీసపు సల్ఫైడు, నెమ్మదిగా కొద్దికొద్దిగా కరుగుతుంది. సీసపు ఫాస్ఫేటు కరగడము మరీ కష్టము. రేణువు పరిమాణము కూడ ముఖ్యమే. సన్నని రేణువుకు బరువును బట్టి ఉపరితలము ఎక్కువ; ఆమ్లము త్వరగా పనిచేస్తుంది. పిల్లల చేతికి గట్టిగా అంటుకొనేవి కూడ ఆ సన్నని రేణువులే.

కరిగిన సీసము చిన్నప్రేగు మొదటి భాగమునకు చేరుతుంది. అక్కడి కణాలకు సీసముతో పనిలేదు. వాటికి కావలసినవి ఇనుము, కాల్షియము. ఇనుమును లోపలికి తీసుకొనే వాహక ప్రొటీను ఒకదానిని 1997లో గుర్తించారు. అది సీసమును కూడ మోస్తుందని తెలిసినది. ఆహారములో ఇనుము చాలని పిల్లవాని ప్రేగులు ఇనుము కొరకు ఎక్కువ వాహకాలను సిద్ధము చేసుకుంటాయి. ఇనుముకు తెరచిన ద్వారము గుండా సీసము ప్రవేశిస్తుంది. రక్తహీనత గల పేదపిల్లలకు సీసము ఎక్కువ హాని చేయడానికి ఇది ఒక కారణము.

వయస్సు, భోజనము కూడ ఫలితమును మారుస్తాయి. ఆహారములోని సీసములో పసిపిల్లలు సుమారు 42 శాతమును గ్రహిస్తారని 1978లో జీగ్లరు బృందము కొలిచినది. పెద్దవారు భోజనముతో పాటు గ్రహించేది అందులో చాలా తక్కువ. 1998లో మాడలోనీ బృందము మరింత సాహసించి, మన్నునే మనుషులచేత మింగించినది. ఐడహో రాష్ట్రములో సీసము కరిగించే కర్మాగారము దగ్గరి మన్నును తెచ్చి, ఆరోగ్యవంతులైన పెద్దవారికి అతి కొద్ది మోతాదులో ఇచ్చారు. ఆ మన్నులోని సీసపు ఐసోటోపుల నిష్పత్తి, వారి రక్తములోని సీసపు నిష్పత్తి వేరుగా ఉండడము వలన, మన్ను నుండి వచ్చిన సీసమును రక్తములో గుర్తుపట్టడానికి వీలైనది. పరగడుపున మింగినవారు ఆ సీసములో సుమారు 26 శాతమును గ్రహించారు. భోజనముతో మింగినవారు గ్రహించినది 2.5 శాతమే. మన్ను అదే, మోతాదు అదే. కడుపు నిండి ఉన్నదా, ఖాళీగా ఉన్నదా అన్నదే తేడా.

డయాక్సిన్ విషయములోను ఇట్టి వింతయే కనిపించినది. 1984లో మిస్సోరీ మన్నును గినీపందులకు తినిపిస్తే అవి మరణించాయి. 1986లో న్యూజెర్సీలోని నెవార్క్ నగరములో ఒక కర్మాగారపు మన్నును తినిపిస్తే, దానిలోను డయాక్సిన్ దండిగా ఉన్నా అవి చావలేదు. నెవార్క్ మన్ను విషమును గట్టిగా పట్టుకొని వదలలేదు. మన్నులో విషము ఎంత ఉన్నదని అడిగితే చాలదు, ఆ మన్ను దానిని ఎంత వదులుతుందని కూడ అడగాలి అని ఈ రెండు ప్రయోగాలు తెలిపినవి.

ప్రతి ఊరి మన్నును మనుషులచేత మింగించలేము. అందుచేత శాస్త్రజ్ఞులు గాజుసీసాలో జీర్ణాశయమును అనుకరించారు. జల్లించిన మన్ను ఒక గ్రాము తీసుకొని, పి.హెచ్. 1.5 గల 100 మిల్లీలీటర్ల ఆమ్లద్రావణములో వేసి, దేహపు వేడి అయిన 37 డిగ్రీల వద్ద ఒక గంటసేపు త్రిప్పుతారు. కరిగిన సీసమును కొలుస్తారు. ఈ ఫలితాలను పందిపిల్లలమీద జరిపిన ప్రయోగాలతో పోల్చి చూచి, పద్ధతి నమ్మదగినదని 2007 నాటికి నిర్ధారించుకున్నారు. పందిపిల్ల జీర్ణకోశము పసివాని జీర్ణకోశమును చాలావరకు పోలి ఉంటుంది.

ఒక చిన్న లెక్క

ఇప్పుడు అన్నింటినీ కలిపి లెక్క వేయవచ్చును. ఒక ఇంటి దుమ్ములో కిలోకు 1000 మిల్లీగ్రాముల సీసము ఉన్నదనుకుందాము. పాత సీసపు రంగు రాలే ఇండ్లలో ఇది అసాధారణము కాదు. అంటే గ్రాము దుమ్ములో ఒక మిల్లీగ్రాము. పిల్లవాడు రోజుకు నూరు మిల్లీగ్రాముల దుమ్ము మింగితే, అందులో సీసము 100 మైక్రోగ్రాములు. దానిలో 30 శాతము రక్తములో చేరినదనుకుంటే, ప్రతిరోజు 30 మైక్రోగ్రాములు. కంటికి కనిపించని ఈ పరిమాణము నెలల తరబడి చేరుతూ ఉంటుంది. రక్తములోని సీసములో చాలా భాగము ఎర్రకణాలలో ఉంటుంది; రక్తములో అది సగానికి తగ్గడానికి సుమారు ఒక నెల పడుతుంది. ఎముకలలో చేరినది అక్కడ సంవత్సరాల తరబడి నిలిచి ఉంటుంది. హీమోగ్లోబిన్ తయారీకి కావలసిన ఎంజైములను అది అడ్డుతుంది. ఎదిగే మెదడుకు హాని చేస్తుంది.

ఎంత సీసము ఉంటే పిల్లవానిని గురించి జాగ్రత్తపడాలి? అమెరికాలో ఈ హద్దు మారుతూ వచ్చిన తీరు చూడదగినది. 1960 ప్రాంతములలో 100 మిల్లీలీటర్ల రక్తములో 60 మైక్రోగ్రాములు, 1975లో 30, 1985లో 25, 1991లో 10, 2012లో 5, 2021లో 3.5. పిల్లల దేహము మారలేదు. సూక్ష్మముగా కొలిచే కొద్దీ, తక్కువ మోతాదులోను హాని కనిపిస్తూ వచ్చినది. 1979లో హెర్బర్ట్ నీడిల్‌మన్, పిల్లలకు ఊడిన పాలపళ్ళలో సీసమును కొలిచి, అది ఎక్కువగా ఉన్నవారు పైకి రోగలక్షణాలు లేకున్నా బుద్ధిపరీక్షలలో వెనుకబడుతున్నారని చూపించడము ఈ మార్పులో ఒక ముఖ్యఘట్టము.

శాసనాలు కూడ మారినవి. అమెరికా 1978లో ఇండ్లకు వేసే సీసపు రంగులను నిషేధించినది. పెట్రోలులో సీసము తగ్గిన కొద్దీ, 1976 నుండి 1980 వరకు అక్కడి ప్రజల రక్తములో సీసము సగటున 37 శాతము తగ్గినది. మన దేశములో 2000లో సీసము కలిపిన పెట్రోలు అమ్మకము ఆగిపోయినది. ఇండ్ల రంగులలో సీసము పది లక్షల వంతులకు 90 వంతులు మించరాదని 2016లో నియమాలు చేయబడి, 2017 నుండి అమలులోకి వచ్చినవి. ప్రపంచములో చివరగా అల్జీరియా 2021లో సీసపు పెట్రోలు మానినది.

అయినా దీనితో కథ ముగియలేదు. సీసము మూలకము, అది కుళ్ళదు, కాలదు, మరొకటిగా మారదు. నిన్నటి మోటారు పొగలోని సీసము నేటికీ పాత రోడ్ల పక్క మన్నులో ఉన్నది. పాత తలుపుల మీద, కిటికీ చువ్వల మీద కొత్త రంగు కింద పాత రంగు ఉన్నది. దానిని పొడిగా గీకినప్పుడు లేచే దుమ్ము ప్రమాదకరము. పాత బ్యాటరీలను పగులగొట్టి సీసము కరిగించే చోట్ల మన్నులోను ఉన్నది. అట్టి చోట్ల పనిచేసి వచ్చిన తండ్రి బట్టల ద్వారా అది ఇంటిలోకి వస్తుంది.

ఇంటిలో చేయదగిన జాగ్రత్తలు మాత్రము సులభమైనవే. పొడి చీపురు దుమ్మును లేపుతుంది, తడిగుడ్డ తీసివేస్తుంది. చెప్పులు వాకిట విడవడము, అన్నానికి ముందు పిల్లల చేతులు కడగడము మన ఇండ్లలో ఉన్న అలవాట్లే. ఆకలితో ఉన్న కడుపు సీసమును ఎక్కువ గ్రహిస్తుంది గనుక పిల్లవాణ్ణి పరగడుపున ఆటకు పంపరాదు. ఇనుము, కాల్షియము గల ఆకుకూరలు, రాగులు, పాలు ఆహారములో ఉండాలి. అయితే విషము ఉన్న చోట మన్నును తొలగించడము, రంగును అదుపు చేయడము తల్లి ఒక్కతె చేయగల పనులు కావు. అవి సంఘము, ప్రభుత్వము చేయవలసినవి. పిల్లవాడు వ్రేలు నోట పెట్టుకోవడము వాని స్వభావము. దానిని మాన్పడము కన్న, ఆ వ్రేలికి విషము అంటకుండ చూడడమే సాధ్యమైన పని.